కొలువుదీరిన కారు, కొలువుకెక్కని బస్సు: పాతవాహనాల ఉత్సవాలు, ఛాయాచిత్రాలు, జగిత్యాల ప్రాంత రవాణా చరిత్ర

వ్యాససంగ్రహం

పాతకాలపు మోటారు వాహనాల ప్రదర్శనలు, పందేలు, యాత్రలు ప్రపంచమంతటా సాంస్కృతిక ఉత్సవాలుగా స్థిరపడ్డాయి. వాటిని చూడడానికి వచ్చేవారిలో అధికభాగం కెమెరాతోనే వస్తారు. అక్కడ తీసిన ఛాయాచిత్రాలే క్రమంగా మోటారు చరిత్రకు ఆధారాలవుతున్నాయి. తెలంగాణలో ఈ వారసత్వం చాలావరకు నిజాం కార్ల చుట్టూనే అల్లుకుంది. సామాన్యుల జీవితాన్ని మార్చిన బస్సు, లారీ, అద్దెకారు ఆ చిత్రంలో కనిపించవు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, 'పాతది' అనే మాటకు చరిత్రలోనూ చట్టంలోనూ ఏర్పడిన అర్థాలను పరిశీలించడం, ఛాయాచిత్రాన్ని రవాణా చరిత్రకు ఆధారంగా మలచుకొనే పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వింటేజ్ కార్లు, ఛాయాచిత్రం, నిజాం, ఆల్బియాన్ బస్సు, జగిత్యాల, కొండగట్టు, రవాణా చరిత్ర, వారసత్వం.

1. ప్రవేశిక

ఒక వస్తువు పాతబడితే రెండు గతులు. పారవేయడం ఒకటి, దాచుకోవడం రెండవది. దేన్ని పారవేస్తారు, దేన్ని దాచుకుంటారు అన్నది వయస్సునుబట్టి మాత్రమే నిర్ణయమయ్యే విషయం కాదు. ఆ వస్తువు ఎవరి చేతిలో ఉన్నది, ఏ పనికి వాడబడింది, దానిని చిత్రించినవారు ఎవరు అనే ప్రశ్నలు కూడా అందులో ఇమిడి ఉన్నాయి. మోటారు వాహనాల విషయంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వందేళ్ల కారును అద్దాల గదిలో నిలుపుతాం. అంతే సేవ చేసిన బస్సును ఇనుపతుక్కుగా తూకం వేసి అమ్ముతాం.

తెలుగులో 'ఎర్రబస్సు ఎక్కి వచ్చినవాడు' అనే ఎత్తిపొడుపు ఒకటి ఉంది. నగరపు పోకడలు తెలియని పల్లెటూరివాడని దానికి అర్థం. పల్లెను పట్నంతో కలిపిన వాహనం పేరే పల్లెవాసిని చిన్నబుచ్చే మాట కావడం గమనార్హం. కారు విషయంలో ఇలాంటి ఎత్తిపొడుపు పుట్టలేదు. వాహనాల మధ్య సమాజం పాటించిన అంతరం భాషలోకి ఎలా చేరిందో ఈ ఒక్క మాట చెబుతుంది. అదే అంతరం వారసత్వ పరిరక్షణలోకీ చేరిందని నిరూపించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాను.

2. యాత్ర, పందెం, ప్రదర్శన

పాతవాహనాల ఉత్సవాలకు మూడు రూపాలున్నాయి. మొదటిది యాత్ర. ఇంగ్లండులో మోటారు వాహనాల వేగపరిమితిని గంటకు 4 మైళ్ల నుండి 14 మైళ్లకు పెంచిన సందర్భాన్ని పురస్కరించుకొని 1896 నవంబరు 14న లండన్ నుండి బ్రైటన్ వరకు వాహనాలు నడిపారు. ఆ సంఘటన స్మారకంగా 1927లో మొదలైన యాత్రలో 1905కు ముందు తయారైన వాహనాలకే ప్రవేశం. గమ్యం చేరడమే అక్కడ గెలుపు.

రెండవది పందెం. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన మాంటెరే ప్రాంతంలో 1974 నుండి పాత పందెపు కార్లతో మళ్లీ పందేలు నిర్వహిస్తున్నారు. మూడవది సౌందర్య ప్రదర్శన. అదే ప్రాంతంలోని పెబుల్ బీచ్‌లో 1950లో మొదలైన ప్రదర్శన దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పందేలు, ప్రదర్శన ఒకదానితో ఒకటి కలిసి ఆగస్టు నెలలో వారం రోజుల పండుగగా రూపొందాయి.

ఛాయాచిత్రకారుని దృష్టితో చూస్తే పందెం, ప్రదర్శన పరస్పర విరుద్ధమైన పనులు. పందెంలో వాహనం కదులుతుంది. కెమెరాను వాహనంతోపాటు తిప్పుతూ సెకనులో అరవయ్యో వంతు వంటి నెమ్మదైన వేగంతో చిత్రం తీస్తే కారు స్పష్టంగా, వెనుక దృశ్యం చెరిగిపోయినట్లుగా వస్తుంది. అందులో వాహనం పని చేస్తున్న యంత్రం. ప్రదర్శనలో వాహనం పచ్చికమీద నిశ్చలంగా నిలిచి ఉంటుంది. అక్కడ అది రంగు, మెరుపు, ఆకృతి కలిగిన శిల్పం. చరిత్రకారుడికి రెండూ అవసరమే. అయితే రెండవ రకం చిత్రాలే ఎక్కువగా నిలిచాయి. అందువల్ల మోటారు చరిత్ర అనగానే మన కళ్లముందు మెదిలేది నిలిచి ఉన్న కారు మాత్రమే.

భారతదేశంలో ఈ సంప్రదాయానికి 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక ప్రారంభించిన వింటేజ్ కార్ల ర్యాలీ ఆద్యం. ఆ తరువాతి కాలంలో సంస్థానాధీశుల వాహనాలకు పెద్దపీట వేసిన ప్రదర్శనలు వచ్చాయి. 2008లో ముంబయిలో మొదలైన కార్టియే సంస్థవారి సౌందర్య ప్రదర్శన 2017 ఫిబ్రవరిలో హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగింది. వికార్ ఉల్ ఉమ్రా కట్టించగా ఆరవ నిజాం వశమైన ఆ భవనం 2010 నుండి తాజ్ హోటలుగా నడుస్తున్నది. ఆ ప్రాంగణంలో బారులుతీరిన కార్లకు రాజప్రాసాదం నేపథ్యం. ఈ నేపథ్యం యాదృచ్ఛికం కాదు. కారు పక్కన ఏది నిలుస్తుందో అదే దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది.

3. దక్కను కెమెరా సంప్రదాయం

హైదరాబాదు రాజ్యంలో వైభవాన్ని కెమెరాలో బంధించే సంప్రదాయం మోటారు కారుకన్నా పాతది. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఛాయాచిత్రకళలో నిష్ణాతుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదు పొందాడు. స్త్రీల కోసం ప్రత్యేకంగా 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో నిర్వహించిన ఖ్యాతి కూడా ఆయనదే. 1905లో మరణించాడు.

ఆయన స్టూడియో చిత్రాలలో ప్రసిద్ధమైనది 1902 ఏప్రిల్‌లో వరంగల్లు ప్రాంతపు నెక్కొండ సమీపంలో వైస్రాయి కర్జన్ దంపతులు వేటాడిన పులితో నిలిచిన చిత్రం. అందులో చట్రం మధ్యన అధికారం, దాని పాదాల వద్ద వేట. పులిని పొదలనుండి తరిమి తుపాకీ ముందుకు తెచ్చే శ్రమ అటువంటి చిత్రాలలో చట్రం వెలుపలే ఉండిపోతుంది. మోటారు చిత్రాలు తరువాతి కాలంలో ఇదే అమరికను అనుసరించాయి. పులి ఉన్నచోటికి కారు వచ్చింది. యజమాని మధ్యన నిలిచాడు. డ్రైవరు, క్లీనరు, దారి బాగుచేసిన కూలీ చట్రానికి అవతలే ఉండిపోయారు.

ఈ పరిశీలన దీన్‌దయాళ్ ప్రతిభను తగ్గించడానికి కాదు. కట్టడాలు, కరువు సహాయ పనులు కూడా ఆయన స్టూడియో చిత్రాలలో ఉన్నాయి. అయితే ఆస్థానం ఆదేశించిన చిత్రమే ప్రచారం పొందింది. పాతకార్ల ప్రదర్శనలో నేడు తీసే చిత్రాలలో యజమాని పేరు, కారు పేరు ఉండి, దానిని నడిచే స్థితిలో నిలిపిన మెకానిక్ పేరు లేకపోవడం ఆ అలవాటుకు కొనసాగింపు.

4. నిజాం సింహాసన కారు: వస్తువు, కథ

హైదరాబాదు మోటారు వారసత్వానికి మకుటాయమానంగా చెప్పుకొనేది చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చని రోల్స్ రాయిస్. మహబూబ్ అలీ ఖాన్ దీనికి ఆర్డరు ఇచ్చాడు. కారు చేతికి రాకమునుపే 1911 ఆగస్టు 29న ఆయన మరణించాడు. అందువల్ల అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆ సంస్థ 40/50 హార్స్‌పవర్ పేరుతో తయారుచేసి, తరువాత సిల్వర్ ఘోస్ట్‌గా ప్రసిద్ధమైన ఆరు సిలిండర్ల నమూనా అది. లండన్‌లోని బార్కర్ సంస్థ దానికి పైభాగాన్ని కట్టింది. వెనుక సీటు సింహాసనంవలె ఎత్తుగా ఉండడంచేత దీనికి సింహాసన కారు అనే పేరు వచ్చింది.

ఏనుగు అంబారీకీ ఈ కారుకూ ఉన్న పోలిక గమనించదగినది. రెండింటిలోనూ పాలకుడు అందరికన్నా ఎత్తులో కూర్చుంటాడు. జనం ఆయనను చూడాలి. వేగంగా ప్రయాణించడం ఇక్కడ ముఖ్యం కాదు. ఆ కారు నడిచిన దూరం బహుస్వల్పమని ప్రసిద్ధి. నడవకపోవడంవల్లనే అది చెక్కుచెదరకుండా నిలిచింది. ఊరేగింపు రథానికీ పొలం బండికీ ఉన్న తేడాయే దీనికీ బస్సుకూ ఉన్నది. రథం ఏడాదికొకసారి కదులుతుంది కాబట్టి తరాలపాటు ఉంటుంది. బండి రోజూ కదులుతుంది కాబట్టి అరిగిపోతుంది.

రోల్స్ రాయిస్ కార్ల గురించి మరో కథ విస్తృత ప్రచారంలో ఉంది. లండన్ దుకాణంలో అవమానం పొందిన ఒక పాలకుడు కార్లను కొని చెత్త ఎత్తడానికి వాడాడని ఆ కథ. దానిని నిజాంకూ చెబుతారు, ఆల్వారు, పటియాలా, భరత్‌పూర్ పాలకులకూ చెబుతారు. ఒకే సంఘటన అనేకులకు జరిగినట్లు చెప్పబడుతున్నదంటే దానిని సంచార కథాంశంగానే గ్రహించాలి. సంఘటనగా దానికి ప్రామాణ్యం లేకపోయినా కథగా విలువ ఉన్నది. వలసపాలనలో పొందిన అవమానానికి ఊహలో తీర్చుకొన్న ప్రతీకారం అందులో కనిపిస్తుంది. అందువల్ల దానిని చరిత్రగా ఉటంకించకుండా, జానపద కథనంగా అధ్యయనం చేయడం సముచితం.

చౌమహల్లా 2005లో సందర్శకులకు తెరుచుకొన్నది. దాని పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. కారు, భవనం, ఛాయాచిత్రాలు ఒకేచోట భద్రమయ్యాయి. పరిరక్షణ ఎలా ఉండాలో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఆ భాగ్యం మరి ఏ వాహనాలకు దక్కలేదన్నది తరువాతి ప్రశ్న.

5. ఆల్బియాన్ బస్సు, 'జడ్' అక్షరం

నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను ఇంగ్లీషు కంపెనీ చేతినుండి తన అధీనంలోకి తీసుకొంది. ఆ రైల్వేలో ఒక విభాగంగా 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో తయారైన ఆల్బియాన్ వాహనాలు ఆ తొలితరం బస్సులు. భారతదేశంలో ప్రభుత్వ యాజమాన్యంలో ప్రయాణికుల రోడ్డు రవాణా నడిపిన తొలి ప్రయత్నంగా దీనిని పేర్కొంటారు. ఈ శాఖే 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖగా మారింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. తెలంగాణ సంస్థ 2016లో వేరుపడింది. 1932 నాటి ఆల్బియాన్ బస్సు ఒకటి 'డెక్కన్ క్వీన్' పేరుతో సంస్థ వద్ద భద్రంగా ఉండడం విశేషం. ప్రజావాహనానికి లభించిన అరుదైన గౌరవం అది.

అయితే ఒక వైచిత్రి ఉన్నది. 1934లో ఇంగ్లండులో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ నిర్వచనం ప్రకారం 1930 ముగిసేనాటికి తయారైన వాహనమే వింటేజ్. ఆ లెక్కన తెలంగాణ తొలి ప్రజాబస్సు రెండేళ్ల తేడాతో గీతకు అవతల పడుతుంది. కొలమానం ఎక్కడో తయారైతే కొలవబడే వస్తువు ఎప్పుడూ కాస్త తక్కువగానే కనిపిస్తుంది.

ఆర్టీసీ బస్సుల నంబరు పలకలపై కనిపించే 'జడ్' అక్షరం గురించి బలమైన సంప్రదాయం ఉన్నది. ఏడవ నిజాం తన తల్లి జహ్రా బేగం పేరులోని తొలి ఇంగ్లీషు అక్షరాన్ని బస్సులకు కోరుకొన్నాడని చెబుతారు. ఆ అక్షరం రాజ్యం పోయినా పోలేదు, భాషాప్రయుక్త రాష్ట్రం వచ్చినా పోలేదు, కొత్త రాష్ట్రంలోనూ నిలిచింది. సింహాసన కారును చూడాలంటే హైదరాబాదు వెళ్లి టిక్కెట్టు కొనాలి. నిజాం జ్ఞాపికగా చెప్పుకొనే ఈ అక్షరం మాత్రం జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ డిపోలనుండి ప్రతి ఉదయమూ రోడ్డెక్కుతున్నది. వారసత్వం ప్రదర్శనశాలలోనే ఉంటుందనే భావనను ఈ ఒక్క అక్షరం సవాలు చేస్తుంది.

తయారీ విషయంలోనూ స్థానిక చరిత్ర ఉన్నది. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సుల పైభాగాలను నిర్మించింది. తరువాత పుష్పక్ స్కూటర్లను, 1980లలో నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో తేలికపాటి లారీలను తయారుచేసింది. పాతవాహనాల ప్రదర్శనలలో విదేశీ సంస్థల పేర్లు వినిపించినంతగా ఈ హైదరాబాదీ పేరు వినిపించదు.

6. రైలు లేని నేల

జగిత్యాల ప్రాంతంలో మోటారు బండి ప్రాధాన్యాన్ని గ్రహించాలంటే రైలు పటాన్ని ముందు పెట్టుకోవాలి. తూర్పున కాజీపేట - బల్లార్షా మార్గం 1929 నాటికి పూర్తయింది. పెద్దపల్లి దానిమీద ఉన్నది. పడమట హైదరాబాదు - మన్మాడ్ మార్గం ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికే నిజామాబాదు మీదుగా నడిచింది. ఆ రెండింటి నడుమ ఉన్న విశాల భూభాగానికి రైలు లేదు. పెద్దపల్లి నుండి కరీంనగర్‌కు 2001లో, జగిత్యాలకు 2007లో రైలు వచ్చింది. 2017లో మార్గం నిజామాబాదు వరకు పూర్తయింది. సిరిసిల్ల మీదుగా వెళ్లవలసిన మనోహరాబాదు - కొత్తపల్లి మార్గంలో 2023లో సిద్దిపేట వరకే రైలు చేరింది.

అంటే ఇరవయ్యో శతాబ్దమంతా ఈ ప్రాంతానికి ఎడ్లబండి, కచ్చరం, బస్సు, లారీ, జీపు, అద్దెకారు మాత్రమే దిక్కు. ఇతర ప్రాంతాలలో రైలు చేసిన పని ఇక్కడ టైరు చేసింది. సిరిసిల్లలో మరమగ్గాలకు కావలసిన నూలు బేళ్లు లారీలపై వచ్చాయి. నేసిన గుడ్డ తానులు లారీలపైనే వెళ్లాయి. పని దొరకని కాలంలో నేతకార్మికులు భివండీకి బస్సెక్కారు. మెట్‌పల్లి మార్కెట్టుకు పసుపు, ముత్యంపేట చక్కెర కర్మాగారానికి చెరకు బండ్లమీద, ట్రాక్టర్లమీద చేరాయి. ఆ కర్మాగారం 2015లో మూతపడడంతో చెరకు బండ్ల బారులు కూడా జ్ఞాపకంగా మిగిలాయి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలనుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి ప్రయాణంలో తొలి మజిలీ విమానాశ్రయం కాదు, ముంబయి బస్సు ఆగే చౌరస్తా. వీడ్కోలు కన్నీళ్లు ఎక్కువగా బస్సు కిటికీ పక్కనే కారాయి.

కారు ఈ ప్రాంతానికి వచ్చిన తీరు వేరు. తొలిదశలో అది గడీకీ, అధికారానికీ చిహ్నం. దొరల బండ్ల ముందు పరుగెత్తడం, అధికారుల మకాములకు సరంజామా మోయడం వెట్టిలో భాగమైన సమాజంలో మోటారు చప్పుడు పల్లెజనానికి భయాన్నే గుర్తుచేసి ఉంటుందని ఊహించవచ్చు. స్వాతంత్ర్యానంతరం అంబాసిడర్ ఆ చిత్రాన్ని కొంత మార్చింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన ఈ కారు 2014 వరకు ఉత్పత్తిలో ఉన్నది. అధికారి కారుగా, ఎన్నికల కారుగా, పెండ్లికారుగా, ఆసుపత్రికి పోయే అద్దెకారుగా ఒకే వాహనం అన్ని పాత్రలూ ధరించింది. 1983 చివర వచ్చిన మారుతి 800 మధ్యతరగతి ఇంటిముందుకు కారును తెచ్చింది. 2014లోనే దాని ఉత్పత్తి కూడా నిలిచింది. ఈ రెండు కార్లు ఒకే ఏడు ఆగిపోవడంతో ఒక యుగం ముగిసిందని చెప్పవచ్చు.

7. చట్టం దృష్టిలో పాతది

పాతవాహనం అంటే ఏమిటో భారత ప్రభుత్వం 2021 జూలైలో నియమావళి ద్వారా నిర్వచించింది. తొలి రిజిస్ట్రేషను తరువాత 50 ఏళ్లు దాటి, ఛాసిస్, పైభాగం, ఇంజను విషయంలో మౌలికమైన మార్పులకు లోనుకాని ద్విచక్రవాహనాలు, కారు తరగతికి చెందిన నాలుగుచక్రాల ప్రయాణికుల వాహనాలు దీని పరిధిలోకి వస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నంబరు పలకపై 'వి.ఎ.' అక్షరాలు ఉంటాయి. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపడం, మరమ్మతు వంటి పనులకు తప్ప రోజువారీ ప్రయాణానికీ, వ్యాపారానికీ వాటిని రోడ్డుమీద నడపరాదు.

ఈ నిర్వచనం ఎంతో అవసరమైనది. అంతకుముందు పాతకార్ల యజమానులకు స్పష్టమైన రక్షణ లేదు. అయితే నిర్వచనం పరిధిలో బస్సు లేదు, లారీ లేదు. దీనికి తోడు, ప్రభుత్వ వాహనాలు, ప్రభుత్వ రవాణా సంస్థల బస్సులు 15 ఏళ్లు దాటితే నమోదు రద్దయి తుక్కుకు చేరాలనే నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే తాత్పర్యం ఇది: కారుకు 50 ఏళ్లు నిండితే గౌరవం, ప్రభుత్వ బస్సుకు 15 నిండితే అంతం. 50 ఏళ్ల వరకు బతికే అవకాశమే దానికి లేదు.

అంతర్జాతీయ చారిత్రక వాహన సమాఖ్య నిర్వచనం ఇందుకు భిన్నమైనది. 30 ఏళ్లు దాటి, చారిత్రకంగా సరైన స్థితిలో భద్రపరచబడి, రోజువారీ రవాణాకు వాడని యాంత్రిక వాహనం ఏదైనా చారిత్రకమే. ఆ సమాఖ్య 2012లో ఆమోదించిన టూరిన్ ఒప్పందపత్రం పునరుద్ధరణకన్నా పరిరక్షణకే ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. కొత్తదానికన్నా కొత్తగా మెరిపించిన వాహనంలో చరిత్ర చెరిగిపోతుందని దాని ఆంతర్యం. ఈ దృష్టితో చూస్తే ప్రయాణికుల చేతులు తగిలి నునుపెక్కిన బస్సు కడ్డీ, వెలిసిన సీటు నంబరు కూడా భద్రపరచదగిన ఆధారాలే.

8. కొండగట్టు: పాతదనానికి మరో అర్థం

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. పాతబస్సును పొగడడం ప్రమాదకరం కాదా? ఈ ప్రశ్న జగిత్యాల ప్రాంతంలో ఊహాజనితమైనది కాదు.

కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో కొత్త వాహనాలకు పూజ చేయించడం ఈ ప్రాంతంలో ఆచారం. పసుపు కుంకుమలు పెట్టి, దండలు వేసి, టైర్లకింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కుటుంబమంతా బండిముందు నిలిచి ఫోటో దిగుతారు. అదే కొండ ఘాట్ రోడ్డుపై 2018 సెప్టెంబరు 11న సామర్థ్యానికి మించిన ప్రయాణికులతో జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. మృతులలో స్త్రీలు అనేకులు. అది కొత్త బస్సు కాదు, పదేళ్లు పైబడినది.

ఈ సంఘటన రెండు విషయాలను తెలియజేస్తుంది. మొదటిది, రోడ్డుమీద ప్రయాణికులను మోసే వాహనం విషయంలో వయఃపరిమితి, నిర్వహణ, ప్రయాణికుల సంఖ్య ప్రాణసమస్యలు. 15 ఏళ్ల నియమాన్ని ఈ వ్యాసం వ్యతిరేకించడం లేదు. రెండవది, నగరంలో ఒక వర్గానికి పాతదనం ఎంపిక, పల్లెలో మరో వర్గానికి అది గత్యంతరం లేని స్థితి. పాతకారును నడిపేవారు ఎండరాని ఆదివారం ఉదయం సరదాగా నడుపుతారు. పాతబస్సు ఎక్కేవారికి మరో బస్సు లేదు. 'పాతది' అనే ఒకే విశేషణం ఒకచోట విలువను, మరొకచోట లోపాన్ని సూచిస్తుందంటే ఆ తేడా యంత్రంలో లేదు, సమాజంలో ఉన్నది.

కాబట్టి బస్సును రోడ్డుమీద నిలపడం వేరు, చరిత్రలో నిలపడం వేరు. మొదటిది తగదు. రెండవది కర్తవ్యం. ప్రతి నమూనాలో ఒక్క బస్సునైనా నడపకుండా భద్రపరచవచ్చు. వాహనాన్ని దాచలేనిచోట దాని చిత్రాలను దాచవచ్చు. ఈ కారణంచేతనే ఛాయాచిత్రం ఇక్కడ అలంకారస్థాయినుండి ఆధారస్థాయికి ఎదగవలసి ఉన్నది.

9. ఛాయాచిత్రం ఆధారం కావాలంటే

పాతవాహనాల ఉత్సవాలలో తీసే వేలాది చిత్రాలలో అధికభాగం ముందువైపు మూలనుండి తీసిన అందమైన చిత్రాలే. పరిశోధనకు ఉపకరించాలంటే కొన్ని అంశాలు తప్పనిసరి. ఛాసిస్ పలక, ఇంజను నంబరు, పైభాగం కట్టిన సంస్థ పలక, మీటర్ల బల్ల, సీటు కుట్టు, మరమ్మతు జరిగిన చోట్లు విడివిడిగా తీయాలి. కదిలే వాహనాన్ని కదులుతుండగా తీయాలి. నడిపేవారిని, మరమ్మతు చేసేవారిని వారి అనుమతితో చిత్రించి పేర్లు నమోదు చేయాలి. తేదీ, స్థలం రాయాలి. వెనుకనున్న గోడ, ప్రకటన, జనం వేషధారణ కూడా చట్రంలోకి రావాలి. నేపథ్యాన్ని మసకబార్చడం అందానికి మేలు, చరిత్రకు నష్టం.

ఇళ్లలోని పాత ఆల్బములను చదవడానికీ పద్ధతి ఉన్నది. నంబరు పలక ఒక కాలసూచిక. 1989కి ముందు ఆంధ్రప్రదేశ్ వాహనాలకు 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాల వరుసలు ఉండేవి. ఆ తరువాత 'ఎ.పి. 15' అంటే ఉమ్మడి కరీంనగర్ జిల్లా. 2014లో 'టి.ఎస్. 02' వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు 21, రాజన్న సిరిసిల్లకు 23 సంఖ్యలు దక్కాయి. 2024 మార్చినుండి 'టి.జి.' అమలైంది. చిత్రం వెనుక తేదీ లేకపోయినా పలక చెబుతుంది. రాజకీయ భూగోళం మారిన ప్రతిసారీ వాహనం నుదుటిరాత మారింది.

ఈ ప్రాంతపు రవాణా చరిత్రకు మూడు రకాల చిత్రాలు ముఖ్యమైనవి. ఒకటి, పెండ్లి ఆల్బములలో పూలదండలు వేసిన అంబాసిడర్ కార్లు. రెండు, గల్ఫ్‌నుండి ఇంటికి పంపిన చిత్రాలు. మెరిసే కారు పక్కన నిలిచి దిగిన ఆ ఫోటోలో కారు తనది కాకపోవచ్చు. అయినా ఇంటివారికి అది కుశలవార్త. నెక్కొండ చిత్రంలో అధికారి పులిపక్కన నిలిచాడు. ఇక్కడ కూలికి పోయినవాడు కారుపక్కన నిలిచాడు. చట్రం మధ్యకు సామాన్యుడు వచ్చిన సందర్భం ఇది. మూడు, కొండగట్టులో, వేములవాడలో వాహనపూజల వేళ తీసిన చిత్రాలు. ఏ కాలంలో ఏ కుటుంబానికి ఏ బండి వచ్చిందో వాటికన్నా బాగా చెప్పే ఆధారం మరొకటి లేదు. స్టూడియోలు మూతపడడంతో, నెగెటివ్‌లు తేమకు చెడిపోవడంతో ఈ సంపద కరిగిపోతున్నది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో వారం రోజులపాటు విద్యుత్ వాహనాల ఉత్సవం జరిగి, 11వ తేదీన హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఇ పందెంతో ముగిసింది. ఇంజను చప్పుడు లేని కాలం సమీపిస్తున్నదనడానికి అది సూచన. డీజిలు బస్సు చప్పుడు, గేరు మార్చే తీరు, కండక్టరు ఈల, టిక్కెట్ల పెట్టె ఇంకా జ్ఞాపకంలో ఉన్న తరం మన మధ్యనే ఉన్నది. దానిని నమోదు చేయడానికి ఉన్న వ్యవధి తక్కువ.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. పాతవాహనాల ఉత్సవాలు చరిత్రపై ఆసక్తిని నిలుపుతున్నాయి. అయితే వాటి ఎంపిక వయస్సుకన్నా వైభవాన్ని ఎక్కువగా అనుసరిస్తున్నది.

2. హైదరాబాదు ఆస్థాన ఛాయాచిత్ర సంప్రదాయం యజమానిని చట్రం మధ్యన నిలిపింది. నేటి ప్రదర్శనల చిత్రాలు అదే అమరికను పాటిస్తున్నాయి.

3. రైలు ఆలస్యంగా వచ్చిన జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలోనూ, నేటికీ రాని సిరిసిల్లలోనూ బస్సు, లారీలే ఆధునికతకు వాహకాలు. ఈ ప్రాంతపు మోటారు వారసత్వం వాటిదే.

4. ప్రస్తుత నియమాల ప్రకారం కారుకు వారసత్వ హోదా లభిస్తుంది. ప్రభుత్వ బస్సుకు ఆ అవకాశం లేదు. భద్రత కోసం పెట్టిన వయఃపరిమితిని సడలించకుండానే, ప్రతి నమూనాలో ఒక వాహనాన్ని నడపని ప్రదర్శనవస్తువుగా మినహాయించవచ్చు.

5. డిపోల రికార్డులు, స్టూడియోల నెగెటివ్‌లు, ఇంటి ఆల్బములు, డ్రైవర్ల, కండక్టర్ల, మెకానిక్‌ల మౌఖిక కథనాలు జిల్లాస్థాయిలో సేకరించవలసిన ఆధారాలు. కళాశాలల చరిత్రశాఖలు విద్యార్థుల క్షేత్రపర్యటనల ద్వారా ఈ పని మొదలుపెట్టవచ్చు.

చౌమహల్లాలోని పసుపుపచ్చని కారు నిలవవలసినదే. దానిని చూసి ఆనందించవలసినదే. దాని పక్కన ఒక ఎర్రబస్సుకు కూడా చోటు దొరికిననాడు తెలంగాణ మోటారు చరిత్ర సమగ్రమవుతుంది.